సారసాల కోసం కొన్న కెమెరా

1920లు సగం గడిచిన ఆ రోజుల్లో నేను రంగూన్‌లో ఒక బియ్యం మిల్లు కచేరీలో టైపిస్టుని. కాపురం అక్కడి తామ్వే పేటలో. నా భార్య శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఆదివారం వచ్చిందంటే ఇద్దరం అన్నం మూట కట్టుకుని మోటారు బస్సెక్కి ఊరి బయటి మింగళాడోన్ వెళ్ళేవాళ్ళం. రబ్బరు తోటలు దాటితే వరిపొలాలు, తుంగ మొలిచిన పల్లపు నేలలు. మనుషుల రద్దీ తక్కువ, పిట్టలు ఎక్కువ.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం ఆ పల్లంలో సారస కొంగల జంట కనబడింది. దాదాపు నా అంత ఎత్తు. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రని తల, మెడ. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి తుంగ పీకి కుప్ప పోస్తున్నాయి. గూడు కడుతున్నాయని నా భార్యే ముందు పోల్చుకుంది. వాటిని ఫోటో తీయాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. అప్పటికి నేను కెమెరా చేత్తో పట్టుకుని కూడా ఎరగను. అయినా చేయలేనేమోనన్న అనుమానం నాకు రాలేదు.

కచేరీలో నా పక్క బల్ల గుమాస్తాకి ఒక డబ్బా కెమెరా ఉండేది. వారం తిరిగేసరికి అది అడిగి తీసుకెళ్ళాను. వంద అడుగుల దూరానికి చేరేసరికే కొంగలు మెడలు నిక్కించాయి. ఇంకో పది అడుగులు వేస్తే లేచిపోయాయి. ఉన్న రీలంతా తీశాను. కడిగించి చూస్తే నీళ్ళు, ఆకాశం, మధ్యలో దోమంత మచ్చ. గుమాస్తా ఆ ఫోటో కచేరీ అంతా తిప్పి చూపించాడు. కొంగ ఎక్కడుందో చెప్పినవాడికి టీ ఇప్పిస్తానన్నాడు. నేనూ నవ్వాను. తప్పు కొంగది కాదు, పనిముట్టుది. సరైన పనిముట్టు చూసుకోవాలి, అంతే.

రంగూన్‌లోనే సంచౌంగ్ పేటలో ఒక బర్మా పెద్దమనిషి ఫోటో స్టూడియో నడిపేవాడు. అందరూ ఆయన్ని గౌరవంగా సాయా అని, అంటే గురువుగారూ అని పిలిచేవారు. పాత కెమెరాలు బాగుచేసి అమ్మేవాడు కూడా. నా భార్యని వెంటబెట్టుకుని వెళ్ళి, నాకు కావలసింది బర్మా భాషలో చెప్పాను. ఆయన మూడు కెమెరాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది మడిస్తే కోటు జేబులో పట్టేది. కచేరీలో అందరూ అదే కొనమన్నారు. మోయడానికి హాయి, కానీ దూరంలో ఉన్నదాన్ని అదీ దోమనే చేస్తుంది. రెండోది లోపల అద్దమున్న పెద్ద పెట్టె. తీసే చివరి క్షణం వరకు బొమ్మ కళ్ళ ముందే ఉంటుంది, ఎగిరే పిట్టని కూడా పట్టుకోవచ్చు. నాకు దాని మీద మనసుపడింది. సాయా మీట నొక్కి చూపించాడు. లోపలి అద్దం ఠప్పుమని లేచింది. గుమ్మంలో పడుకున్న పిల్లి ఉలిక్కిపడి వీధిలోకి పరిగెత్తింది.

మూడోది పాత టేకు కెమెరా. కొలిమి తిత్తిలా మడతలు మడతలుగా సాగే తోలు, ముక్కాలి స్టాండు, వెనక గరుకు అద్దం. ఒక్కో బొమ్మకి ఒక్కో గాజు పలక పెట్టి, తీసి, మళ్ళీ కొత్తది పెట్టాలి. షట్టర్‌కి మీట లేదు. సన్నని రబ్బరు గొట్టం, దాని చివర ఒక బుడ్డి. బుడ్డి నొక్కితే గాలి వెళ్ళి షట్టర్ తెరుచుకుంటుంది. చప్పుడు లేనట్టే.

దాన్ని పెళ్ళి ఫోటోలకి వాడతారని సాయా చెప్పాడు. నేను పక్కకి జరిపేశాను. నా భార్య మాత్రం ఆ గొట్టం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ లాగి చూస్తోంది.

"ఇది ఇంకా పొడుగు సేయొచ్చేటి?" అని అడిగింది.

ఆ మాట సాయాకి చెప్పాను. చేయవచ్చు, కానీ బుడ్డి గాలి చాలదు, సైకిల్ పంపు తగిలించాలని ఆయన అన్నాడు.

"అలాగైతే ఇదే తీసుకోండి. పిట్ట మనిసిని సూసి బెదురుతాది గానండీ, పెట్టిని సూసి కాదు. పెట్టిని గూటికాడ ఒగ్గీసి మనం దూరంగా కూకుందాం."

నేను మూడు వారాలుగా కొంగకి దగ్గరయ్యే దారి వెతుకుతున్నాను. నేను దగ్గరకు వెళ్ళనక్కర్లేదని ఆమెకి తట్టింది. ఇక రెండో ఆలోచన లేదు. టేకు కెమెరా కొనేశాను. ఆమె మాట సాయాకి వినిపిస్తే, పలకలు కడగడం తనే నేర్పిస్తానన్నాడు.

తరువాతి ఆదివారం కెమెరా ఇంట్లోనే ఉంచి, ముందు కొంగలకి అలవాటు కావాలని, టీ పొడి వచ్చే చెక్కపెట్టె ఖాళీది ఒకటి మోసుకెళ్ళాం. పొలం రైతు మంచివాడు. ఆ కొంగలు ఏటా వస్తాయనీ, గుడ్లు తాకకపోతే తనకు అభ్యంతరం లేదనీ చెప్పాడు. గూటికి కాస్త దూరంగా నాలుగు వెదురు గుంజలు పాతి, పెట్టెని వాటి మీద నిలబెట్టి తుంగ కప్పాం. రైతు రెండు రోజులకోసారి దాన్ని నాలుగడుగులు ముందుకు జరిపాడు. మళ్ళీ ఆదివారానికి అది గూటికి పదిహేను అడుగుల్లో ఉంది, కొంగ నిశ్చింతగా గుడ్ల మీద కూర్చుని ఉంది.

ఆ రోజు కెమెరాని పెట్టెలో అమర్చి, గూటి మీద బొమ్మ కుదిర్చి, పలక పెట్టి, గొట్టాన్ని నీళ్ళలోంచి గట్టు దాకా లాగాం. పొద వెనక కూర్చుని కొంగ తిరిగి వచ్చేదాకా ఆగి పంపు కొట్టాను. సాయంత్రం కడిగి చూస్తే పలక మీద ఏమీ లేదు. గొట్టం అతుకు ఊడిపోయి గాలంతా నీళ్ళలోకే పోయింది. నా భార్య ఆ అతుకులన్నిటికీ మైనం పూసిన దారం చుట్టింది. మరో ఆదివారం వాన ముంచేసింది.

మూడో ఆదివారం మబ్బు విచ్చింది. ఒక కొంగ గుడ్ల మీద ఉంది. నేను పంపు పట్టుకున్నాను.

"ఆగండి. రెండోది మేతకెల్లింది. వొచ్చేస్తాది."

ఎండ ఉంటుందో పోతుందో తెలియదు. కెమెరాలో ఉన్న ఆ ఒక్క పలకే అవకాశం. కానీ ఆమె మాట అప్పటిదాకా తప్పలేదు, ఆగాను. చాలాసేపటికి రెండో కొంగ తుంగలోంచి నడిచి వచ్చింది. గూట్లోది లేచి నిలబడింది. రెండూ ఎదురెదురుగా మెడలు ఆకాశానికి చాచి ఒక్కసారే కూత పెట్టాయి. ఆ కూత నా ఛాతీలో మోగింది. నా చేయి దానంతట అదే పంపు నొక్కింది.

మర్నాడు పని ముగియగానే స్టూడియోకి పరిగెత్తాం. ఎర్రదీపం వెలుగులో, తొట్టిలోని పలక మీద మొదట గూడు తేలింది, తరువాత కాళ్ళు, తరువాత పైకెత్తిన రెండు మెడలు. సాయా నా భుజం మీద చేయి వేశాడు.

అచ్చు తీసిన కాగితం చూసి నా భార్య మొహం చిట్లించింది.

"మెడ నల్లగా వొచ్చిందేటి? అది ఎర్రన గదా."

ఆ పలకలకి ఎరుపు కనబడదని సాయా వివరించాడు. ఆమె ఒప్పుకోలేదు. ఫోటోలకి రంగు వేసే కుంచె బల్ల మీద ఉంటే అడిగి తీసుకుంది. ఎరుపు సరిగ్గా తల, మెడల మీదే, అంచు దాటకుండా వేసింది. మధ్యలో నా వైపు గాని, సాయా వైపు గాని తలెత్తలేదు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. తన దగ్గర రంగులు వేసే మనిషి మాండలే వెళ్ళిపోయాడనీ, పెళ్ళి ఫోటోలు పోగుపడ్డాయనీ, ఆమె వచ్చి వేస్తుందా అనీ నన్ను అడిగాడు.

నేను తెలుగులో చెప్పేలోపే ఆమె తనే బర్మా భాషలో వస్తానని చెప్పింది. ఆ భాష ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

ఆ మంగళవారం నుంచి ఆమె స్టూడియోకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆదివారాలు మాత్రం కొంగలవే. గుడ్లు పగిలి, పిల్లలు బయటికొచ్చి తల్లిదండ్రుల వెంట తుంగలోకి నడిచి వెళ్ళేదాకా, వాన కురిసినా మానకుండా వెళ్ళాం.