గాలికి వీపు పెట్టి

మా చెల్లి పోయిందన్న కబురు మాయాబందర్ నుంచి వచ్చింది. ఉదయం ప్రార్థన ముగించి ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాను. ఫోన్ చేసింది అక్కడి నర్సు. "దీదీ, డాక్టర్ దీదీ లేవట్లేదు" అంది. రెండోసారి అదే మాట అన్నాక గాని నాకు అర్థం కాలేదు. బడిపిల్లల ఊపిరి పరీక్షల కోసం చెల్లి రెండు రోజుల ముందే అక్కడికి వెళ్లింది. నిద్రలో గుండె ఆగిందన్నారు. అడవి దారిలో బళ్లన్నిటినీ కలిపి వదిలే కాన్వాయ్ కోసం ఆగి, జెట్టీ దగ్గర పడవ కోసం ఆగి, బ్రూక్షాబాద్‌లో మా ఇంటికి ఆమెను తెచ్చేసరికి సాయంత్రమైంది.

సమాధి దగ్గర నాకు ఏడుపు రాలేదు. "రాయైపోయింది పాపం" అని వెనక ఎవరో అన్నారు.

అన్నీ అయ్యాక ఒక పని మిగిలింది. మా ఇంట్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు అమ్మ బైబిల్లో మొదటి తెల్ల పేజీ మీద రాస్తాం. అమ్మ తరువాత ఆ పని ఇంటికి పెద్దదాన్ని కనుక నాకు వచ్చింది. చెల్లి పేరు పక్కన తేదీ నేనే వేయాలి. ఆ బైబిలును ఇక ఇంట్లో తెరవొద్దని నా చేత మాట తీసుకున్నదీ చెల్లే. వారం రోజులు ఆ బైబిలు దాచిన పెట్టె ముందు కూర్చుని, లేచి వచ్చేశాను. ఆ తేదీ చివరికి ఎలా వేశానో మన ఊరివాళ్లకు చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

చెల్లి నాకంటే పదేళ్లు చిన్నది. మీలో చాలామందికి ఆమె తుమ్ముల డాక్టరు, ఉబ్బసం డాక్టరు. సునామీ తరువాత ఇళ్లు పోయినవాళ్లను ఉంచిన రేకుల షెడ్లలో కొత్త డాక్టరుగా పని చేసింది. గాయాలు మానిపోయినా పిల్లల దగ్గు మానలేదు. మందు ఇస్తే తగ్గేది, అదే షెడ్డులో పడుకుంటే మళ్లీ వచ్చేది. "మందు వాడికి ఇస్తున్నానప్పా, రోగం గోడకుంది" అంది ఒక రోజు. అక్కను మా ఇంట్లో అప్ప అంటాం. ఆ తరువాత సముద్రం దాటి మెయిన్‌లాండ్ వెళ్లి, ఒంటికి పడనివాటి గురించి, మనిషి చుట్టూ ఉన్న గాలి గురించి ఏళ్ల తరబడి చదివి తిరిగి వచ్చింది. అక్కడే ఉండమన్నారట. "అక్కడి గాలిని చూడ్డానికి చాలామంది ఉన్నారు" అంది. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె పరీక్ష మీకు గుర్తుండే ఉంటుంది. ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, గీతకొకటి చొప్పున రొయ్య, దుమ్ము, బూజు లాంటివాటి సారం చుక్క వేసి, ఒక్కో చుక్కలో సూదిమొన తాకించేది. పావుగంట గోకకూడదు. పడనిది ఉంటే అక్కడ దద్దురు లేస్తుంది.

ఒకసారి రొయ్యలు ఒలిచే పనిచేసే ఒకామెను భర్త తీసుకొచ్చాడు. నేను ఆ రోజు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"పనికెళ్లమంటే చేతులు వాచాయంటాది మేడమ్. అంతా నాటకం" అన్నాడు అతను.

చెల్లి ఆమె ముంజేతి మీద గీతలు గీసి చుక్కలు వేసింది. పావుగంట తరువాత ఆమె చెయ్యి అతని ముందు పెట్టింది. రొయ్య చుక్క దగ్గర ఎర్రగా ఉబ్బి ఉంది.

"చూడు భయ్యా. మనిషి నాటకమాడొచ్చు. చర్మానికి నాటకం రాదు."

అతను ఆ దద్దురును వేలితో తాకి చూశాడు. వెళ్లేటప్పుడు భార్య చేతిసంచి తనే పట్టుకున్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి. అమ్మ పోయాక బైబిలును గోడకు ఆనుకున్న చెక్క బీరువాలో, అమ్మ చీర ముక్కలో చుట్టి ఉంచేదాన్ని. మన వానలకు ఆ గోడ ఏడాదిలో సగంపైన ఆరదు. ఇంట్లో ఉదయం, ఆదివారం చర్చిలో అదే తెరిచేదాన్ని. తెరవగానే కళ్ల వెంట నీళ్లు. గొంతు పూడుకుపోయి కీర్తన మధ్యలో ఆగిపోయేది. "ఆవిడ ప్రార్థన చూడండర్రా, కళ్లు ఆరవు" అనేవారు పక్క బెంచీ ఆడవాళ్లు. అయ్యగారు ఒకసారి ప్రసంగంలోనే నన్ను చూపించి మాట్లాడారు. నేనూ అది ఆత్మ తాకడమే అనుకున్నాను. లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

చెల్లి వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. ఎన్ని ఆదివారాలు గమనించిందో తెలియదు. ఒకనాడు చర్చి నుంచి రాగానే నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"అప్పా, పాట పాడితే నీకు ఏడుపు రాదు. అయ్యగారు చెప్తుంటే రాదు. పుస్తకం తెరిస్తేనే వస్తాది. ఎందుకంటావ్?"

"వాక్యం తాకుతుందే."

"వాక్యం ముక్కుకి తాకుతాదా? చెయ్యి ఇలాగియ్యి."

నా ముంజేతి మీద కూడా గీతలు గీసింది. పావుగంటకు ఒక చుక్క చింతగింజంత లేచింది. అది బూజు చుక్క. తరువాత బైబిలు పక్కన ఒక గాజు పలక పెట్టి, అట్టను రెండుసార్లు తట్టి, ఆ పలకను మైక్రోస్కోపు కింద ఉంచి చూడమంది. దారానికి గుచ్చిన పూసల్లా ఏవో కనిపించాయి.

"అందంగా ఉన్నాయే" అన్నాను.

"అందంగానే ఉంటాయి. నిన్నే ఊపిరి తీసుకోనివ్వవు."

అప్పుడు గాని నాకు తట్టలేదు. "అంటే, ఇన్నేళ్ల నా ప్రార్థన బూజా?"

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె పెద్దక్షరాల కొత్త బైబిలు ఒకటి కొని, ఒక్క మాట లేకుండా నా బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆదివారం అదే పట్టుకెళ్లాను. నీళ్లు రాలేదు. కీర్తన చివరిదాకా ఆగకుండా చదివాను. బయటికి వస్తుంటే పక్క బెంచీ పెద్దావిడ, "ఏటమ్మా, కళ్లు ఆరిపోయాయి? విశ్వాసం సల్లబడిందా ఏటి?" అంది నవ్వుతూ.

నేరుగా చెల్లి గదికి వెళ్లాను. "నీ మూలంగా నా దగ్గర ఏమీ మిగల్లేదు" అన్నాను.

రాస్తున్న కాగితం పక్కన పెట్టింది. "మిగిలిందప్పా. ఇన్నాళ్లూ దేవుడికి నీ దగ్గే వినబడింది. ఇప్పుడు నువ్వు అడిగింది వినబడతాది."

నవ్వు వచ్చేసింది. నవ్వినా దగ్గు రాలేదు. ఎన్నేళ్లయిందో అలా నవ్వి.

అమ్మ బైబిలును ఆమె పారేయమనలేదు. ఆమె తెలుగు అక్షరాలు నేర్చుకున్నది అందులోనే, నా పక్కన కూర్చుని. బడిలో అంతా హిందీ, ఇంగ్లీషే కదా. పేజీ పేజీ మెత్తటి కుంచెతో తుడిచి, ఎండ చూపించి, గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టింది. జోళ్ల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే తెల్ల పొట్లాలు చుట్టూ సర్దింది. పైన వంకర తెలుగులో కాగితం అంటించింది: "ఇంట్లో తెరవకు. మేడ మీద. మాస్కు. గాలికి వీపు పెట్టి. పది నిమిషాలు." ఇన్ని చేసినా బూజు పూర్తిగా పోదని, మాట ఇమ్మని చెయ్యి చాపింది. ఇచ్చాను.

మా మేడ మీద ఆమె పెట్టించిన చిన్న చెక్క స్టాండు ఉంది. అందులో వాజిలీన్ రాసిన గాజు పలక ఒకటి ఉంటుంది. గాలిలో వచ్చే పుప్పొడి, బూజు దానికి అంటుకుంటాయి. రోజూ ఉదయం పాత పలక తీసి, కొత్తది పెట్టి, నోటుపుస్తకంలో తేదీ రాయాలి. ఆమె ఊళ్లో లేనప్పుడు ఆ పని నాది. ప్రార్థన కాగానే మెట్లెక్కేదాన్ని. ఒక వానరోజు బద్ధకించాను. మర్నాడు ఒక కొత్త పలక గాలిలో అటూ ఇటూ ఊపి, నిన్నటి తేదీ రాసి పెట్టేశాను. ఆమె మైక్రోస్కోపులో చూడగానే కనిపెట్టేసింది. కోపగించుకుంటుందనుకున్నాను.

"పెట్టని రోజు పెట్టలేదని రాయప్పా. ఖాళీ అంటే తప్పు కాదు. ఖాళీని నింపేస్తేనే తప్పు."

ఆ మాట తరువాత చాలా చోట్ల నాకు పనికొచ్చింది. ప్రార్థనలో కూడా. మాటలు రాని రోజు రాలేదనే చెప్పుకుంటున్నాను.

మొన్న ఆదివారం షాదీపూర్ నుంచి తమ్ముడు వచ్చాడు. "నీకు పడదు కదా అప్పా, నేను రాసేస్తాను, ఇలాగియ్యి" అన్నాడు. వద్దన్నాను. మాస్కు పెట్టుకుని, పెట్టె ఎత్తుకుని, మేడ ఎక్కాను. గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది. దానికి వీపు పెట్టి కూర్చుని మూత తీశాను.

మొదటి పేజీలో అమ్మ రాత. మా ముగ్గురి పేర్లు వరసగా. చెల్లి పేరు కింద, పెన్సిలుతో దిద్దిన ఒక పెద్ద "అ". అది నేను చెయ్యి పట్టుకుని దిద్దించిందే. ఆమె పేరు పక్కన పుట్టిన రోజు ఉంది. పెళ్లి గడి ఖాళీ. దాన్ని అలాగే ఉంచాను. చివరి గడిలో తేదీ రాశాను. సిరా ఆరేదాకా పేజీ పట్టుకున్నాను. పది నిమిషాలు కాగానే మూసి, పొట్లాలు సర్ది, మూత బిగించాను.

మాస్కు ఉంది. గాలి వీపు వైపే ఉంది. అయినా నా కళ్లు తడిగా ఉన్నాయి. ఇవి ఏ నీళ్లో చెయ్యి పట్టి చూసి చెప్పేది ఆమె ఒక్కతే.

దిగబోతూ స్టాండు దగ్గర ఆగి, ముందురోజు పలక తీశాను. ఊరికి వెళ్తూ ఆమె నాకోసం పలకలకు వాజిలీన్ రాసి డబ్బా నిండా పెట్టి వెళ్లింది. ఈసారి ఇంట్లో ఏమి జరుగుతున్నా ఆ పని మాత్రం ఒక్క రోజూ మానలేదు నేను. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. అంచున, వాజిలీన్ మీద, ఆమె బొటనవేలి ముద్ర ఉంది. గీతలన్నీ కనిపిస్తున్నాయి.

మళ్లీ డబ్బాలో పెట్టేశాను. నోటుపుస్తకం తీసి ఆ రోజు తేదీ వేసి, పక్కన "ఖాళీ" అని రాశాను.

స్టాండు మధ్యలోంచి గాలి వెళ్తూనే ఉంది.