కట్ట మీద పడిన పెద్దబండి

2005 జూన్‌లో నన్ను కోదాడ నుంచి మిర్యాలగూడ డివిజన్‌కు బదిలీ చేశారు. వాడపల్లి వైపు, మూసీ వెళ్లి కృష్ణలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న ఒక పశువైద్యశాలకు నేను డాక్టర్‌ని. కాగితాల మీద నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆసుపత్రికి పెద్ద నేనే. నా పైన మిర్యాలగూడలో అసిస్టెంట్ డైరెక్టర్ ఉండేవారు, ఆయనను అందరం ఏడీ గారు అనేవాళ్లం. నా కింద లైవ్‌స్టాక్ అసిస్టెంట్ యాదగిరి, ఒక అటెండర్. మా పరిధిలో పదకొండు ఊళ్లు, వాటి చుట్టూ తండాలు.

మా ఉద్యోగంలో టూర్ అంటే విహారం కాదు. నెల మొదట్లో ఏ రోజు ఏ ఊళ్లో ఉంటామో రాసి ఏడీ గారికి పంపాలి. నెలాఖరున నిజంగా ఎక్కడెక్కడ తిరిగామో టూర్ డైరీలో రాయాలి. ఈ రెండూ ఎప్పుడూ కలిసేవి కావు. ఏ ఊళ్లో ఏ గేదె ఈనలేక అవస్థ పడుతుందో ముందుగా ఎవరికి తెలుస్తుంది? నెలలో ఇరవై రోజులు బండి మీదే గడిచిపోయేవి. అందుకే కాబోలు, దూరాలు తిరిగొద్దామని ఉబలాటపడే మా సొంతూరు సూర్యాపేట కుర్రాళ్లు ఇప్పటికీ నన్ను ఆపి, టూరింగ్‌కి పెద్దబండి ఉండి తీరాలా అని అడుగుతుంటారు. ఉండి తీరాలని గట్టిగా నమ్మి, కొని, దాని మీద టూర్ చేసినవాణ్ణి నేను. కాబట్టి వాళ్లను చూసి నవ్వే అర్హత నాకు లేదు.

ఆ కోరిక కోదాడలో పుట్టింది. 2001 నుంచి నాలుగేళ్లు అక్కడ పనిచేశాను. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు, కాంట్రాక్టర్ల కొడుకులు హైవే మీద పెద్దబండ్లు వేసుకుని పోతుంటే వాటి చప్పుడు మా ఆసుపత్రి దాకా వినిపించేది. నేనేమో ఐదడుగుల మూడంగుళాల మనిషిని, యాభై నాలుగు కిలోలు. నా వంద సీసీ బండి మీద ఊళ్లోకి వెళ్తే పాలు పోయడానికి వచ్చాననుకునేవారు. ఒకసారి ఒక పెద్దరైతు నన్ను గుమ్మంలోనే ఆపి, డాక్టర్ గారు వెనక వస్తున్నారా అని అడిగాడు. నవ్వేసి ఊరుకున్నాను కానీ ఆ మాట లోపల ఉండిపోయింది.

మిర్యాలగూడ వచ్చిన ఏడాదికి మోటార్ సైకిల్ అడ్వాన్స్‌కి దరఖాస్తు పెట్టాను. పరిధి విస్తృతంగా ఉన్నందున శక్తివంతమైన వాహనం అవసరమని అందులో రాశాను. ఏడీ గారు నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి సంతకం పెట్టారు. అలా మూడు వందల యాభై సీసీ బండి మా ఇంటి ముందుకు వచ్చింది.

ఆ బండిని నేను ఈ రోజుకీ తప్పుపట్టను. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్తుంటే పక్కనుంచి లారీ దూసుకుపోయినా చలించేది కాదు. వంద కిలోమీటర్లు పోయినా నడుం నొప్పి తెలిసేది కాదు. మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం వెళ్లొచ్చాను, ఘాట్ రోడ్డులో అది ఎక్కడా రొప్పలేదు. చప్పుడు వినగానే ఊళ్లో జనం లేచి నిలబడుతుంటే, ఎందుకు దాచాలి, నాకు చాలా బాగుండేది.

యాదగిరికి అప్పటికి యాభై ఆరేళ్లు, రిటైర్మెంట్ దగ్గరపడింది. దాణా బస్తా ముందు పెట్టుకునే పాత మోపెడ్ మీద తిరిగేవాడు. నా కొత్తబండి చుట్టూ ఓసారి తిరిగి చూసి ఒకే మాట అన్నాడు. "బండి మంచిగనే ఉంది సార్. కట్టల మీద పడితే లేపెటోళ్లు ఎవరు?" పడితే కదా అని కొట్టిపారేశాను.

2006 డిసెంబర్‌లో మా పక్క మండలంలో గొర్రెలకు పీపీఆర్ వచ్చింది. మన రైతులు దాన్ని పారుడు రోగం అంటారు. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, ఆ తర్వాత విరేచనాలు. నేరుగా దానికి మందు లేదు. రాకముందే టీకా వేయడం ఒక్కటే దారి. జబ్బు వచ్చిన చోటు చుట్టూ ఉన్న ఆరోగ్యమైన మందలకు ముందు వేసుకుంటూ రావాలి. మా వైపు మొదటి మంద సైదమ్మది.

సైదమ్మకు నలభై ఏళ్లుంటాయి. వాళ్ల ఇంట్లో తరతరాలుగా జీవాలే బతుకు. ఆ పక్క గొర్రెను జీవం అనే అంటారు. మొత్తం నూట డెబ్బై జీవాలు. కోత అయిపోయిన పొలాల్లో మేపుకోవడానికి కృష్ణ దాటి అవతలి గట్టుకు మంద తోలాలని, అక్కడి రైతులతో మాట్లాడి రావడానికి భర్త ముందే వెళ్లాడు. టీకాలు వేసిన మర్నాటి పొద్దునే మంద కదలాలి. అంటే మాకు మిగిలింది ఒక్క ఉదయం. జిల్లాలో టీకా కొరత ఉండడంతో ఏడీ గారు నాకు రెండు సీసాలే కేటాయించారు, ఒక్కో సీసా వంద డోసులు. ఇవి అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పలేనన్నారు.

ఈ టీకా గడ్డకట్టిన పొడి రూపంలో వస్తుంది. చల్లటి ద్రావకంలో కలిపాక రెండు గంటల్లోపు వేసేయాలి, దాటితే అది నీళ్లతో సమానం. అందుకే మంద పక్కన నిలబడ్డాకే సీసా కలపాలని మాకు నేర్పుతారు. ఒకటి అయ్యాక ఇంకొకటి.

ఆ ఉదయం ఆరున్నరకు ఏడీ ఆఫీసులో ఫ్రిజ్ తెరిపించి సీసాలు తీసుకున్నాను. బల్ల శుభ్రంగా ఉంది, దుమ్ము లేదు, పైన ట్యూబ్‌లైటు వెలుగుతోంది. పొలంలో గాలికి, జీవాల తొక్కిడికి సీసా కలపడం ఎంత చికాకో నాకు తెలుసు. బయట నా బండి ఉంది. ముప్పావుగంటలో మంద దగ్గర ఉంటాను కదా అనుకున్నాను. రెండు సీసాలూ అక్కడే కలిపేశాను. వంద సీసీ బండి ఉన్నన్నాళ్లు ఆ పని నేను ఒక్కసారి కూడా చేయలేదు.

సిరంజిలు, సూదులు, గుర్తు పెట్టే ఎర్రరంగు తీసుకుని యాదగిరి ఊళ్లోంచి నేరుగా మంద దగ్గరికి వెళ్లిపోయాడు. నేను ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెను వెనక సీటుకు కట్టుకుని బయలుదేరాను. సిమెంటు ఫ్యాక్టరీ లారీలు తిరిగే రోడ్డు మీద బండి బాణంలా వచ్చింది. ఏడు కాకముందే కాలువ కట్ట ఎక్కాను. అక్కడి నుంచి మంద మూడు కిలోమీటర్లు లేదు.

ఒక చోట కాలువ నీళ్లు ఊరి నల్లరేగడి నానిపోయి ఉంది. ట్రాక్టర్ గాడిలో ముందు చక్రం జారింది. బండి ఎడమ పక్కకు ఒరిగింది, నేను దాని కింద. ముందున్న ఇనుప గార్డు వల్ల కాలు నలగలేదు గానీ మడమ బెణికింది. ఎలాగో కాలు లాక్కుని లేచాను. ముందు పెట్టె చూశాను. సీసాలు భద్రంగా ఉన్నాయి.

ఇక్కడ నేను చేయాల్సిన పని ఏమిటో ఇది చదివే ఎవరికైనా తెలుస్తుంది. పెట్టె తీసుకుని నడవాలి. నేను నడవలేదు. బండి లేపడానికి పూనుకున్నాను. హ్యాండిల్ పట్టుకుని లాగితే చక్రాలు జారాయి. వీపు ఆనించి నెడితే నా కాళ్లు జారాయి. పెట్రోలు కారుతోందని మూత బిగించాను. రాళ్లు ఏరుకొచ్చి చక్రం కింద పెట్టి మళ్లీ లాగాను. నా బరువుకు మూడింతలకు పైనే ఉన్న ఇనుము అది, అంగుళం కదలలేదు. మధ్యలో ఒకసారి జేబురుమాలుతో ట్యాంకు మీది బురద కూడా తుడిచాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. కొత్తబండిని కట్ట మీద వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. సెల్‌కు సిగ్నల్ లేదు. అలా అరగంట పోయింది.

ఎంతకీ రాకపోయేసరికి సైదమ్మ మందను యాదగిరికి అప్పజెప్పి కట్ట వెంట ఎదురొచ్చింది. దూరం నుంచే నన్ను, బండిని చూసింది. దగ్గరికొచ్చి దెబ్బలేమన్నా తగిలాయా అని అడిగింది. లేదన్నాను, బండి లేవడం లేదు, ఓ చెయ్యి వేయమన్నాను. ఆమె బండి వైపు చూడనేలేదు.

"మందుపెట్టె యాడుంది సారూ?"

చూపించాను. పెట్టె విప్పుకుని, కొంగు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది. నేను కుంటుకుంటూ వెనకే వెళ్లాను. ఆమె ఒక్కసారీ ఆగలేదు. మంద దగ్గరికి చేరేసరికి నా గడియారంలో ఎనిమిదీ పది.

ఇరవై నిమిషాలు మిగిలాయి. ఉన్న సంగతి అప్పుడే సైదమ్మకు చెప్పేశాను. మందు ఎనిమిదిన్నర దాకానే పనిచేస్తుంది, అన్నిటికీ వేయలేకపోవచ్చు, ఏవి ముందో నువ్వే చెప్పు అన్నాను. ఆమె వెంటనే మందలోకి దిగింది. చూడి జీవాలను ముందుకు తోలింది, ఆ తర్వాత వయసులో ఉన్నవాటిని. ముసలివి, ఎదగని పిల్లలు వెనక్కి పోయాయి. నేనొక సిరంజి, యాదగిరి ఒకటి. జీవాన్ని ఆమె పట్టి నిలబెడుతుంటే మెడ దగ్గర చర్మం కింద ఒక్కో మిల్లీలీటరు వేసి రంగు గీత పెట్టాం. అంత వేగంగా నేను ఎప్పుడూ పనిచేయలేదు.

ఎనిమిదిన్నరకు ఎర్రగీత పడినవి నూరు. డెబ్బై మిగిలాయి. రెండో సీసా దాదాపు నిండుగా ఉంది.

యాదగిరి సిరంజి నింపబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. అతను గొంతు తగ్గించి, పది నిమిషాలు అటూ ఇటూ అయితే ఏం కాదు సార్ అన్నాడు. అతని ఉద్దేశం మోసం కాదు, నన్ను కాపాడదామని. వేసేస్తే రిజిస్టర్‌లో నూట డెబ్బై అని రాయొచ్చు. తర్వాత జీవాలు చనిపోతే జబ్బు ముందే సోకిందని చెప్పొచ్చు. ఎవరూ అడగరు. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. కానీ ఎర్రగీత చూసి సైదమ్మ ఆ డెబ్బైనీ ధైర్యంగా మిగతా మందలతో కలుపుతుంది. నేను సీసాను పక్కన పెట్టేసి, ఇది ఇక పనికిరాదమ్మా, తప్పు నాదేనన్నాను. ఆఫీసులో కలిపిన సంగతీ, బండి దగ్గర అరగంట పోగొట్టిన సంగతీ చెప్పాను.

ఆమె తిట్టలేదు. "మళ్ల ఎన్నడొస్తది?" అని అడిగింది. పది రోజులు పట్టొచ్చన్నాను.

"పది దినాలు ఈటిని యాడ దాసిపెట్టాలె సారూ?"



ఎర్రగీత ఉన్న నూరింటినీ మర్నాడు, తిరిగొచ్చిన ఆమె భర్త నది దాటించాడు. డెబ్బైని తీసుకుని సైదమ్మ ఇవతలే ఉండిపోయింది. వేరే మందల నీళ్లరేవుకు పోకుండా, ఎవరి గాలీ సోకకుండా సిమెంటు ఫ్యాక్టరీ వెనక మేపింది. ఎనిమిదో రోజున మొదటి జీవం ముక్కు కారింది. పదకొండో రోజున నాకు టీకా అందింది, యాదగిరి మోపెడ్ మీద ముందు పెట్టుకుని తీసుకెళ్లాను. అప్పటికే ఆలస్యమైంది. జబ్బు పడినవాటిని వేరు చేసి, పుండ్లు కడిగి, వేరే జబ్బులు తోడవకుండా సూదులు వేస్తూ రెండు వారాలు రోజూ వెళ్లాను. ఇరవై ఆరు చనిపోయాయి. నది దాటిన నూరులో ఒక్కటీ పోలేదు. అందులో టీకా పాలు ఎంతో, దూరం పాలు ఎంతో చెప్పలేను.

టూర్ డైరీలో జరిగింది జరిగినట్టు రాశాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఏడీ గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశారు, సీసాలు ఇక్కడ ఎందుకు కలిపావని. త్వరగా చేరతాననుకున్నానని చెప్పాను. ఆయన అదే వాక్యాన్ని ఫైల్లో రాసుకున్నారు. నా సర్వీసు రిజిస్టర్‌లో ఒక మందలింపు నమోదైంది. అది న్యాయమే.

పెద్దబండిని ఆ రోజే ఊళ్లోవాళ్లు నలుగురు కలిసి లేపి పెట్టారు, దాన్ని నేను అమ్మలేదు. హైవే మీద సూర్యాపేట వెళ్లిరావడానికి ఉంచుకున్నాను. టూర్‌కు మాత్రం పాత వంద సీసీ బండి ఒకటి కొన్నాను. మరుసటి డిసెంబర్‌లో దాని మీద సైదమ్మ మంద దగ్గరికి వెళ్లి, ఆమె ఎదుటే సీసా కలిపాను. పని అయ్యాక ఆమె నా బండి దగ్గరికొచ్చి, పొట్టేలు బరువు చూసినట్టు హ్యాండిల్ కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసింది.

"గిదైతే నేను గూడ లేపుతా సారూ." నవ్వకుండానే అంది.

పెద్దబండి కావాలా అని అడిగే కుర్రాళ్లకు అందుకే నేను సీసీలు చెప్పను. సామాను కట్టి, బండిని తడినేల మీద పడుకోబెట్టి, ఒక్కరే లేపి చూడమంటాను. లేపగలిగితే ఎంత పెద్దదైనా వేసుకుని పొమ్మంటాను. లేపలేకపోతే, పడినచోటే దాన్ని వదిలేసి నడవగలరా అని అడుగుతాను. రెంటిలో ఒకటి చేతనైతే చాలు. ఆ ఉదయం కట్ట మీద నాకు రెండూ చేతకాలేదు.