మురళీమోహన్ బుగ్గల సంగతి

మా మురళీమోహన్ తెనాలిలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తాడు. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు అమ్ముతాడు. వాడు మా అక్క కొడుకు. అక్క పోయాక పెంచింది నేనే కాబట్టి వాణ్ణి తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది. మనిషి బంగారం. పాడు బుగ్గలే వాడి కొంప ముంచాయి.

ఎవరైనా పలకరిస్తే చాలు, ఎర్రబడతాయి. "టీ తాగావా?" అన్నా ఎర్రబడతాయి. ఆ ఎరుపు లేతగా మొదలై, మాట సాగేకొద్దీ ముదిరి, చెవులదాకా పాకుతుంది. కొట్టుకొచ్చే ఆడవాళ్ళకి ఇదో కాలక్షేపం. "ఈ చీరకి ఉల్లిపాయ రంగు జాకెట్టు కావాలి తమ్ముడూ" అని ఒకావిడ అంటే, పక్కావిడ "పెళ్ళెప్పుడని అడగండి, వచ్చేస్తుంది" అంటుంది. అడుగుతారు. వస్తుంది. ఆ బుగ్గ పక్కన గుడ్డ పెట్టి చూసుకుంటారు. ఇంకాస్త ముదురు కావాలంటే "పిల్లలెంతమంది కావాలి?" అంటారు. అప్పుడు దానిమ్మగింజ రంగు దాటి ఏకంగా రాణి కలర్ తేలుతుంది. ఓనరు ఇదంతా ఆపకపోగా, బాగా కనపడాలని వాడి స్టూలు గుమ్మం దగ్గర వెలుతుర్లో వేయించాడు. ఆ ఓనరు మొహం మండ!

కొట్లో అక్కరకొచ్చిన బుగ్గలు పెళ్ళిచూపుల్లో కొంప ముంచాయి. పొన్నూరు వాళ్ళు "అబ్బాయి మొహం జేవురించింది, కోపిష్టిలా ఉన్నాడు" అని వాట్సాప్‌లో పెట్టారు. కోపమా! వాడు చీమనైనా "కాస్త జరుగమ్మా" అని బతిమాలుకుంటాడు. రేపల్లె వాళ్ళు మందు అలవాటేమోనని వాకబు చేశారు. కాకుమాను వాళ్ళు "వచ్చిన కాసేపటికే బుగ్గలు కందిపోయాయి, ఎండకి ఆగలేడు, మా పొలం ఎవరు చూస్తారు?" అన్నారు. సిగ్గు అని ఒక్కరి నోటా రాలేదు. మగాడి బుగ్గకి ఆ మాట వాడటం ఎవరికీ అలవాటు లేదాయె. వాడు "ఇంక చూపులొద్దు పిన్నీ, కొట్లో రోజూ చూస్తూనే ఉన్నారుగా" అని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

అప్పుడు బాపట్ల సంబంధం వచ్చింది. అమ్మాయి వాగ్దేవి, బళ్ళో లెక్కలు చెబుతుంది. తండ్రి జగన్నాథరావుగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఇదే ఆఖరిసారి, కుదరకపోతే ఈ జన్మకి పెళ్ళి మాట ఎత్తొద్దన్నాడు మురళి. నేనిక ఊరుకుంటానా! పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే అమ్మాజీని పిలిచి "ఏం పూస్తావో నాకు తెలీదు, వీడి బుగ్గల రంగు బయటికి రాకూడదు" అన్నాను. ఆవిడ గోడకి లప్పం పెట్టినట్టు పెట్టింది. వాడు అద్దంలో చూసుకుని "పిన్నీ, నేను బతికే ఉన్నానా?" అన్నాడు. "మాట్లాడకు, పగుళ్ళొస్తాయి. కారెక్కు" అన్నాను.

బాపట్లలో కూర్చున్నాక వాగ్దేవి కాఫీ పళ్ళెంతో వచ్చింది. చామనచాయ పిల్ల, కళగల మొహం. ఆ మొహం మీద రెండు గులాబి రంగు బిళ్ళలు! బొమ్మకి వేసినట్టు గుండ్రంగా పులిమేశారు. వాళ్ళు మావాణ్ణి చూశారు, మేము వాళ్ళ పిల్లని చూశాం, మర్యాదస్థులం కాబట్టి ఎవరమూ కిక్కురుమనలేదు.

"మా అమ్మాయికి సిగ్గెక్కువ చెల్లెమ్మా, చూడండి బుగ్గలెలా కెంపెక్కాయో" అన్నారు మాస్టారు.

"మావాడికి అసలు సిగ్గే లేదండీ అన్నయ్యగారూ" అన్నాను గొప్పగా. అన్నాక నాలుక కరుచుకున్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మే నెల ఉక్క. మావాడి లప్పం కరిగి గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది. దాని వెనక నుంచి రాణి కలర్ బయటపడింది. "ఓరి నాయనో, అబ్బాయికి లోపల దెబ్బలున్నాయి!" అని వాళ్ళ ముసలమ్మ కేకేసింది. ఈలోగా పిల్ల గులాబి బిళ్ళలు కూడా జారి మెడలోకి వచ్చాయి.

వాగ్దేవి పళ్ళెం కింద పెట్టి, పమిటకొంగుతో మొహం తుడిచేసుకుంది. "ఇంక చాలు నాన్నా" అని నా వైపు తిరిగింది. "వచ్చినవాళ్ళందరూ పిల్లకి సిగ్గు లేదనే వెళ్ళిపోయారండి. నా ఒంటిరంగులో సిగ్గు కనపడదు. అందుకే మా నాన్న ఇది పూయించారు."

మాస్టారు తల వంచుకున్నారు. "ముప్పావు జన్మ తెలుగు చెప్పాను చెల్లెమ్మా. సిగ్గుపడ్డ బుగ్గకి ఎన్ని మాటలున్నా అన్నీ ఎరుపే. నా కూతురికి సరిపడేది ఒక్కటీ దొరకలేదు" అన్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

మురళి చొక్కా చేత్తో మిగిలిన లప్పం తుడిచేసుకున్నాడు. ఎర్రటి మొహంతో, వాడంతట వాడు ఒక ఆడపిల్లని పలకరించడం పుట్టాక అదే మొదలు.

"ఏమండీ, మీ చెవులు కాలిపోతున్నాయా?"

ఆ పిల్ల చటుక్కున తలెత్తింది. "అవునండి. మీకెలా తెలుసు?"

"నావీ కాలిపోతున్నాయండి."

ఆమె మొహంలో రంగేమీ మారలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుంది, అంతే. మాస్టారు కూతుర్ని అలా చూస్తుండిపోయారు. "నేనూ ఇన్నాళ్ళూ బుగ్గలే చూశానమ్మా" అన్నారు.

కరెంటు వచ్చింది, ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ఆ ఇద్దరి చెవులూ చల్లబడేలోపే తాంబూలాలు మార్చేసుకుందామని నేను సంచీ విప్పాను.