మంగళూరు నుంచి గంట ప్రయాణం

మొన్న మంగలి షాపులో నా మొహం నిండా నురగ ఉండగా, పక్క కుర్చీలోని పెద్దమనిషి ఫోను చూస్తూ పైకి చదివాడు. రాయచూరు నుంచి మంగళూరుకు విమానంలో ఇంచుమించు గంటట. నేను నురగతోనే లేచాను. "ఏ విమానం? యాడ ఎక్కుతరు? చెప్పుండ్రి!" ఆయన బిత్తరపోయాడు. "కూసో సాబ్, కత్తి తగుల్తది" అని మంగలి నన్ను భుజం పట్టి కూర్చోబెట్టాడు. మా రాయచూరు పక్కన యరమరస్ దగ్గర విమానాశ్రయం కడుతున్న మాట నిజమే. ఇంతవరకూ అక్కడ టికెట్టు కొని విమానమెక్కినవాణ్ణి నేను చూడలేదు. రెండు ఊళ్ళ మధ్య ఆకాశంలో గీత గీసి, దాన్ని విమానం వేగంతో భాగించి, వచ్చినదాన్ని ప్రయాణమని రాసే ఆ నెట్ పేజీలంటే నాకు రోత. వాటిని నమ్మేవాళ్ళంటే ఇంకా రోత. వాళ్ళలో మొదటివాడు మా బావ.

నేను రిటైర్ కాకముందు నా ఉద్యోగం మంగళూరులో. ఇక్కడ రాయచూరులో మా అక్క కూతురికి ఉన్నట్టుండి పెళ్ళి కుదిరింది. వరుడికి సెలవు లేదని వారంలోపే ముహూర్తం పెట్టారు. మా ఇళ్ళలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామ. ఆ పిల్లకు ఉన్న ఒక్క మేనమామను నేను. ఐదేళ్ళ వయసులోనే అది బట్టల గంపలోకి ఎక్కి, "లేపు మామా" అని నా నడుము విరగ్గొట్టేది. మా బావ పద్ధతి గల మనిషి. ఎవరి ప్రయాణం ఎక్కువసేపో వాళ్ళకు ముందు చెప్పాలని పేర్లు వరసగా రాసుకున్నాడు. గోరేబాళ వాళ్ళకు బస్సులో మూడు గంటలు, వాళ్ళది మొదటి పేరు. దేవసూగూరు వాళ్ళకు, బస్సు కోసం నిలబడే సమయం కలిపి, గంటంపావు. నాకు విమానంలో గంట. చివరి పేరు నాది. "తమ్మునికి చెప్పినవా?" అని అక్క అడిగినప్పుడల్లా, "లిస్టుల ఉన్నడు" అన్నాడట. పెళ్ళి ముందురోజు సాయంత్రం నాకు ఫోను వచ్చింది.

"రేపు పదింటికి ముహూర్తం, బామ్మర్దీ. పొద్దుగాల లేచి రా, ఫికర్ లేదు."

"దేంట్ల రావాలె బావా?"

"విమానంల. గంటేనంట, నెట్ల చూసిన."

"అది మీ మిద్దె మీద దిగుతదా?"

"గిట్ల మాట్లాడుతున్నవంటే నీకు రావాలని లేనట్టే."

బస్సులు మారి మారి, మరునాడు మధ్యాహ్నం మూడింటికి కల్యాణమండపం చేరాను. విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. గంప గోడకు ఆనించి ఉంది. దాన్ని ఎత్తింది గోరేబాళ రైతు, బావ స్నేహితుడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుంటున్న కుటుంబం. పాపం, ఆయన నా చేతులు పట్టుకున్నాడు. "ఏమీ అనుకోకండి. ముహూర్తం దాటిపోతోందని మీ బావగారు కంగారు పెట్టేశారండీ. అమ్మాయైతే గంప ఎక్కనంటూ గుమ్మం వైపే చూసిందండీ." బావ మాత్రం నలుగురిలో, "గోరేబాళ నుంచి వచ్చిండ్రు గాని, గంట దూరం నుంచి ఈయన రాలే" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. నేను మంచినీళ్ళు కూడా ముట్టకుండా బయటికి నడిచాను.

రిటైరై బావ వాళ్ళ వీధిలోనే ఉంటున్నాను. అక్క వచ్చిపోతుంది. మేనకోడలు పుట్టింటికి వచ్చినప్పుడు ముందు నా దగ్గరే కూర్చుంటుంది. "ఇగ చాలు మామా, నాయిన ముసలోడయిండు" అంటుంది. తప్పు తనదని ఒక్కసారి అనమను, వస్తానంటాను. ఆయన అనడు. మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి రెండు నిమిషాల నడక. పదకొండేళ్ళయింది, నేనింకా చేరలేదు.