రెండు దిండ్లమ్మ

మా పిన్ని హోటల్లో గదులు సర్దుతుంది. దిండు బాగాలేదని ఎవరైనా అన్నారంటే చాలు, మెత్తనిదొక చేత, గట్టిదొక చేత పట్టుకుని ఆ గది తలుపు ముందు నిలబడుతుంది. అందుకే తోటివాళ్ళు ఆమెను రెండు దిండ్లమ్మ అంటారు. మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కౌంటర్లో కుర్చీ ఖాళీ అయిందని తెలియగానే ఎగిరి గంతేసింది. గంతేసి, మోకాలు పట్టుకుని కూలబడింది.

ఆ కుర్చీ దక్కాలంటే మేనేజరు ముందు ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడి చూపించాలి. నేర్పే పని నా నెత్తిన పడింది. అన్నీ వచ్చాయి గానీ, నేరుగా కాకుండా కాస్త చుట్టుతిప్పి అడిగేటప్పుడు ‘ఇఫ్’ అనాలా, ‘వెదర్’ అనాలా అన్నదగ్గర బండి ఆగిపోయింది.

“రెండూ ఒకటేనా, కాదా? ఏదో ఒకటి చెప్పి చావవే!”

“చాలాచోట్ల ఒకటే పిన్నీ. కానీ ఇదా, అదా అని రెండూ ముందుపెట్టి అడిగేటప్పుడు వెదర్ అను, నప్పుతుంది.”

“అంటే నా చేతుల్లో రెండు దిండ్లూ ఉంటే వెదర్. అంతేగా?”

నోరు తెరిచాను. ఇన్నాళ్ళూ నేను గొంతు చించుకున్నది ఇంత తేలికా! ఒళ్ళు మండింది, ముద్దూ వచ్చింది.

పరీక్ష రోజు లాబీలో సోఫా అంచున గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. మేనేజరు కౌంటరు ఇవతల, అతిథులు కూర్చునే కుర్చీలో కూర్చుని, గదిలో దిగిన అతిథిలా ఫోను పట్టుకుని, దిండు బాగాలేదని ఇంగ్లీషులో విసుక్కున్నాడు. కౌంటరు వెనక నిలబడ్డ పిన్ని రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులూ చాచింది. లేని దిండ్లు నాకు కనిపించాయి!

“కుడ్ యూ టెల్ మీ వెదర్ యూ వాంట్ ద సాఫ్ట్ వన్ ఆర్ ద హార్డ్ వన్, సర్?”

“సాఫ్ట్,” అన్నాడాయన.

అంతే! రిసీవరు పెట్టేసి మెట్లవైపు ఒకటే పరుగు.

“పిన్నీ, ఇది ఉత్తుత్తి ఫోనే!” అని అరిచాను. వింటేగా! కొంప మునిగిందనుకున్నాను.

ఆయాసపడుతూ మెత్తటి దిండు తెచ్చి మేనేజరు ముందు పెట్టాకగానీ, తను చేసిందేమిటో ఆమెకు తెలియలేదు. ముఖం పాలిపోయింది. ఆయన దిండు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. దాన్ని నడుము వెనక పెట్టుకుని హాయిగా జారగిలబడ్డాడు.

“ఇంగ్లీషు బాగుందమ్మా. కానీ రేపటి నుంచి నువ్వు పరిగెత్తకూడదు. దిండు కావాలంటే పైకి ఫోన్ చేసి చెప్పాలి. కూర్చునే చెప్పాలి.”

పిన్ని కౌంటరు కుర్చీలో కూర్చుంది. లేచింది. నమ్మకం కలగక మళ్ళీ కూర్చుంది.

“కూర్చునే చెప్పాలటే!” అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఆగలేకపోయాను.