ఎక్కని నిచ్చెన

మా మరిది ఎల్డన్ ప్రిబిల్ లావుపాటి మనిషి. ఈ మాట మొదటే అన్నానని నన్నెవరూ తప్పు పట్టనక్కర్లేదు. ఎక్కడికి వెళ్లినా ఈ మాట అందరికంటే ముందు అతనే అంటాడు. కూర్చోమని కుర్చీ చూపిస్తే, "దీనికి ఇన్సూరెన్స్ ఉందా?" అని అడుగుతాడు. కారెక్కబోతూ, "అటు పక్క ఎవరైనా కూర్చోండర్రా, లేకపోతే ఒరిగిపోద్ది" అంటాడు. అందరూ నవ్వుతారు. అవతలివాళ్లు నవ్వేలోపు తనే నవ్వించేస్తే ఆ నవ్వు గుచ్చుకోదని అతని లెక్క. మా చెల్లెలు జోలీన్‌ని చేసుకున్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ లెక్క ఒక్కసారి కూడా కుదరలేదు. బయట నవ్వించి ఇంటికొచ్చిన రోజున గరాజ్‌లో చాలాసేపు ఒక్కడే కూర్చుంటాడు.

విస్కాన్సిన్‌లో మాదొక చిన్న ఊరు. ఉన్న ఒకే ఒక్క కిరాణా దుకాణంలో మాంసం కౌంటర్ ఎల్డన్‌ది. అతను చేసే సాసేజీల కోసం పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. తెల్ల ఆప్రన్ కట్టుకుని ఆ కౌంటర్ వెనక నిలబడితే మహారాజులా ఉంటాడు. ఎవరింట్లో ఎంతమంది చుట్టాలొచ్చారో, ఎవరి మొగుడికి ఉప్పు తగ్గించమన్నారో అతనికి తెలుసు. ఊళ్లో అతని మాటకి విలువుంది. కౌంటర్ దాటి బయటికొస్తేనే వస్తుంది చిక్కంతా.

వాళ్లకి ఒక్కతే కూతురు, టెస్సా. పదమూడేళ్ల పిల్ల. ఒళ్లు తండ్రి పోలిక, నోరు మాత్రం కాదు. పెద్దగా మాట్లాడదు. రెండేళ్ల కిందట కౌంటీ సంతలో తండ్రీ కూతుళ్లు గిరగిరా తిరిగే బండి ఒకటి ఎక్కి పక్కపక్కన కూర్చున్నారు. ఒళ్లో పడాల్సిన అడ్డకడ్డీ ఎల్డన్ పొట్ట దగ్గర ఆగిపోయింది. దిగిపొమ్మన్నాడు నడిపే కుర్రాడు. ఎల్డన్ ఏదో జోకేసి దిగాడు, వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అతని వెనకే టెస్సా కూడా దిగిపోయింది. ఆ పిల్లని ఎవరూ దిగమనలేదు. నేనక్కడే మొక్కజొన్న పొత్తు తింటూ నిలబడి ఉన్నాను. ఆ రోజు అది పెద్ద విషయంలా తోచలేదు నాకు.

మా ఊళ్లో వేసవి వస్తే క్యాంపింగే. ఏటా డేరాలు వేసుకునే జోలీన్‌కి నడుము పట్టేసి, ఇక నేల మీద పడుకోవడం తన వల్ల కాదంది. అలా మొదలైంది, లోపలే వంటగదీ పడకలూ ఉండే పాత మోటార్‌హోమ్ బండి కోసం వెతుకులాట. పాతది కొనేటప్పుడు అన్నిటికంటే ముందు పైకప్పు చూడాలని మా ఊళ్లో పసిపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఇంజన్ అయితే బాగు చేయించుకోవచ్చు. కప్పులోంచి నీళ్లు దిగాయంటే లోపలి కర్రంతా పాలలో నానిన బ్రెడ్డులా అయిపోతుంది, బయట రేకు మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. అందుకే వెనక బిగించి ఉన్న నిచ్చెనెక్కి, కప్పంతా అరచేత్తో నొక్కి చూసుకుని గానీ ఎవరూ బేరమాడరు. కౌంటర్ దగ్గర ఎంతోమందికి ఈ సలహా ఇచ్చింది ఎల్డనే.

ఏప్రిల్‌లో పక్క ఊరి పెద్దాయన వాండర్‌హైడ్ దగ్గర ఒక బండి చూడటానికి వెళ్లారు. అక్కడ జరిగింది నాకు చాలా తర్వాత టెస్సా చెప్పింది. జోలీన్ ఆ ఇంటావిడతో బండి లోపల వంటగది చూస్తోంది. వాండర్‌హైడ్ డెబ్బై దాటినవాడు, ఎముకల గూడు. గబగబా నిచ్చెనెక్కి, కప్పు మీద నాలుగడుగులు వేసి, మళ్లీ గబగబా దిగాడు. కప్పుకి అక్కడక్కడా మాట్లు వేశానని దాచకుండా చెప్పాడు. "నా మాట కాదు, పైకెక్కి నీ కళ్లతో చూసుకోవయ్యా" అన్నాడు.

ఎల్డన్ నిచ్చెన మెట్టు మీద చెయ్యి వేశాడు. వరండాలో ఆ పెద్దాయన కోడలూ మనవలూ నిలబడి ఇటే చూస్తున్నారు. చెయ్యి తీసేసి, పక్కనున్న టెస్సా భుజం మీద వేశాడు.

"నిచ్చెనలు మా సైజువాళ్ల కోసం చెయ్యలేదు లెండి. కదా తల్లీ?"

అందరూ నవ్వారు. ఎల్డన్ నాలుగడుగులు వెనక్కి వేసి, మునివేళ్ల మీద లేచి, ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది, బాగానే ఉందన్నాడు. అంతలో జోలీన్ మొహం వెలిగిపోతూ బయటికొచ్చి, కప్పు చూశావా అనడిగింది. చూశాను, రాయిలా ఉందన్నాడు. టెస్సా తండ్రి మొహంలోకి చూసి, తర్వాత నేల చూపులు చూసింది. బండి కొనేశారు.

ఆ తర్వాత రెండు నెలలూ వాళ్ల వాకిలి నిండా ఆ బండి పనే. పాత కార్పెట్ పీకారు, దాని కింద ఎలకలు పెట్టిన కాపురం చూసి జోలీన్ రెండు రోజులు అన్నం మానేసినంత పని చేసింది. అరలకి తెల్ల రంగు వేశారు. నీళ్ల పంపు మార్చారు. సీట్లకి గుడ్డలూ, కిటికీలకి పరదాలూ నా కుట్టుమిషన్ మీదే తయారయ్యాయి. డ్రైవర్ సీటు నెత్తిన, బండికి నుదురులా ముందుకు పొడుచుకొచ్చిన చోట చిన్న పడక, అది ఎక్కడానికి లోపలే ఒక సన్నటి నిచ్చెన ఉన్నాయి. ఆ పడక టెస్సాకి అనుకున్నారు. దానికి నీలం పరదా, చుక్కల్లా వెలిగే దీపాల దండ, పుస్తకాలకి ఒక గూడు. జోలీన్ తన చిన్నప్పుడు ఏమేం కోరుకుందో అన్నీ అక్కడ పెట్టింది.

ఆ పడక మూలకి రంగు వెయ్యబోతూ ఎల్డన్ ఒక మరక చూశాడు. టీ ఒలికినట్టు గోధుమ రంగు మరక. వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. ఈ సంగతి తర్వాత అతనే చెప్పాడు నాకు. దిగి వెళ్లి జోలీన్‌కి చెప్పొచ్చు. చెబితే, ఆ రోజు కప్పు చూశానన్నావు కదా అంటుంది. చూడలేదని చెప్పాలి. ఎందుకు చూడలేదో చెప్పాలి. మధ్యాహ్నం జోలీన్ ఊళ్లోకి వెళ్లాక పలచటి ప్లైవుడ్ పలకొకటి తెచ్చి, ఆ మూల మీద వేసి, మేకులు కొట్టి, రంగు పూసేశాడు. లోపల తడి కుక్క వాసనేస్తోందేమిటని నేనడిగితే కొత్త జిగురు వాసన వదినా అన్నాడు. నేను నమ్మాను. నిజానికి ఆ మాటని నా ముక్కు నమ్మలేదు, నేనే నమ్మాను.

టెస్సా ఆ పడక ఎక్కలేదు. వాకిట్లోనే మొదటిసారి పడుకుని చూద్దామన్న రోజున భోజనబల్ల మడిచి చేసే పడక మీద పడుకుంది. తనకి కిందే బాగుందంది. జోలీన్‌కి ఒళ్లు మండింది. ఇంత చేస్తే ఒక్కసారి ఎక్కి కూడా చూడదేమిటక్కా అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ వయసు పిల్లలంతే, మనం కుట్టింది తప్ప అన్నీ నచ్చుతాయని నేను సర్దిచెప్పాను.

జులైలో సరస్సు ఒడ్డున ఉన్న స్టేట్ పార్కుకి వెళ్లాం. వాళ్ల బండిలో వాళ్లు, పక్క స్థలంలో, కారు వెనక తగిలించుకొచ్చే నా చిన్న ట్రెయిలర్‌లో నేను. క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రమైతే మగవాళ్లు చేతిలో బీరు పట్టుకుని ఒక చుట్టు తిరుగుతారు. ప్రతి బండి దగ్గరా ఆగుతారు. కొత్తగా వచ్చిన పాత బండి అయితే, అడిగే మొదటి మాట కప్పు గురించే. ఎదుటి స్థలంలోని గోర్డీ అడిగాడు. అతని వెనక ఇంకో ఇద్దరు అడిగారు. ఎల్డన్ సాసేజీలు తిప్పుతూ, రాయిలా ఉందని అందరికీ అదే జవాబు చెప్పాడు. టెస్సా పొయ్యి దగ్గర కాల్చుకు తినడానికి పుల్లకి మార్ష్‌మాలో మిఠాయి గుచ్చుతోంది. ఆ మాట అన్న ప్రతిసారీ ఎల్డన్ కళ్లు కూతురి వైపు వెళ్లొచ్చాయి. ఆ పిల్ల తలెత్తలేదు. కాపలా ఉన్నవాడిలా ఏమిటీ చూపులు అనుకున్నాను నేను.

మర్నాడు పొద్దున మొదలైన వాన మధ్యాహ్నానికి కూడా తెరిపివ్వలేదు. అందరం వాళ్ల బండిలో చేరి పేకాట మొదలుపెట్టాం. ఆట మంచి పట్టులో ఉండగా ముందు వైపు ఏదో మూలిగినట్టయింది. నీలం పరదా ఒకసారి ఉబ్బింది. తర్వాత ఆ మూల పలక, దాంతో పాటు కప్పు లోపలి భాగమంతా ఊడి టెస్సా పడక మీద పడింది. నల్లటి కర్ర ముద్ద, కప్పు లోపల కూరిన, నీళ్లు పీల్చుకుని బరువెక్కిన దూది, వెనకే బకెట్లతో కుమ్మరించినట్టు గోధుమ రంగు నీళ్లు. దీపాల దండ తెగి వేలాడింది. పుస్తకాలు ఆ బురదలో మునిగాయి.

జోలీనే ముందు తేరుకుని, "అమ్మో, నువ్వు అక్కడ లేవు, దేవుడి దయ" అంటూ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఎల్డన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. తను మేకులు కొట్టిన ఆ పలక, కూతురి దిండు మీద పడి ఉంది. దాన్నే చూస్తూ అడిగాడు.

"నువ్వసలు దాని మీద ఎందుకు పడుకోలేదు తల్లీ?"

"ఎక్కే నిచ్చెన సన్నగా ఉంది. నన్ను మొయ్యదు."

"ఎవరన్నారలా?"

"నువ్వే కదా నాన్నా. ఆ పెద్దాయన ఇంటి దగ్గర. అందుకే నువ్వు కూడా ఎక్కలేదు కదా."

జోలీన్ కూతుర్ని వదిలి మొగుడి వైపు తిరిగింది. ఎక్కలేదా అని అడిగింది, చాలా మెల్లగా. ఎల్డన్ తల అడ్డంగా ఊపాడు. ఆ పలక సంగతి జోలీన్ అడగలేదు. దానికి పూసిన కొత్త రంగు అందరికీ కనిపిస్తూనే ఉంది. నాకే ఎక్కడికైనా పారిపోవాలనిపించింది, ఇక అతని సంగతి చెప్పేదేముంది.

చప్పుడు విని వానకోట్లు వేసుకున్న మనుషులు బండి చుట్టూ చేరారు. మా క్యాంప్‌గ్రౌండ్‌లో పిలవనక్కర్లేదు, ఒకడు టార్పాలిన్, ఒకడు తాళ్లు పట్టుకుని వచ్చేశారు. గోర్డీ బక్కపలచని కుర్రాడు. టార్పాలిన్ పట్టుకుని బండి వెనక నిచ్చెన దగ్గరికి వెళ్లి, "నేనెక్కుతా అన్నా, నువ్వు కిందనుంచి తాళ్లు అందించు" అన్నాడు. ఎల్డన్ ఆ టార్పాలిన్ అతని చేతిలోంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. నేనే ఎక్కుతానన్నాడు. అంతమంది ముందు, ఆ వానలో, జోకేమీ వెయ్యకుండా అతను అలా అనడం నేను వినడం అదే మొదలు.

మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది. నిచ్చెన కిర్రుమంది. జోలీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. టెస్సా వచ్చి, ముందుకు నడిచి, నిచ్చెన కింది భాగం పట్టుకుని నిలబడింది. ఇంకో రెండు మెట్లు ఎక్కాడు, చెయ్యి కప్పు అంచుకి అందింది. అప్పుడు పైన బిగించిన మరలు ఏ చప్పుడూ లేకుండా, వెన్నలోంచి వచ్చినట్టు బయటికొచ్చేశాయి. టెస్సా పక్కకి తప్పుకుంది. ఎల్డన్, నిచ్చెన, టార్పాలిన్ అన్నీ కలిసి బురదలో పడ్డాయి.

దెబ్బ తగల్లేదు, మోచెయ్యి దోక్కుపోయిందంతే. లేచి కూర్చున్నాడు, చొక్కా పైకి జరిగి పొట్ట బయటపడింది. ఎవరూ నవ్వలేదు. అందరూ అతను వేసే జోకు కోసం చూస్తున్నారు, అది వస్తే మేమంతా ఊపిరి పీల్చుకుందామని. అతను నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆ నోరలాగే తెరుచుకుని ఉండటం చూడలేక తల తిప్పుకున్నాను.

టెస్సా వంగి నిచ్చెన పై కొసని చేతిలోకి తీసుకుంది. మరలకి నల్లటి తడి కర్ర పట్టుకుని ఉంది. వేళ్లతో నలిపితే పొడుం ముద్దలా చితికిపోయింది. తీసుకెళ్లి తండ్రి మొహం ముందు పెట్టింది.

"చూడు నాన్నా. మన బరువుకి కాదు. లోపల కర్ర కుళ్లిపోయింది."

ఎల్డన్ దాన్ని చూశాడు. చుట్టూ ఉన్న మగవాళ్లని చూశాడు, రాయిలా ఉందని నిన్న ఎవరికి చెప్పాడో వాళ్లనే. పెళ్లాం వైపు చూడటానికి మొహం చెల్లలేదు. తలొంచుకునే అన్నాడు. "నాకు తెలుసు. వేలు పెట్టి చూశాను. తెలిసే పలక కొట్టాను." గోర్డీ తాడు చుట్ట విప్పుతున్నట్టు నటించాడు. జోలీన్ వెనక్కి తిరిగి బండిలోకి వెళ్లిపోయింది. లోపల తను ఆ తడిసిన పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ రోజే నేను ఎక్కి చూడాల్సింది" అన్నాడు ఎల్డన్, ఎవరితోనో తెలియకుండా.

టెస్సా వానలో తండ్రి పక్కనే బురదలో కూర్చుంది.

"నువ్వు ఎక్కి ఉంటే నేను కూడా ఎక్కేదాన్ని" అంది.