నర్సుగారి నల్లదుప్పటి

మంగళగిరిలో మా పక్కవాటాలో అద్దెకుండే నర్సుగారికి ఎప్పుడూ నైట్ డ్యూటీయే. సాయంత్రం బెజవాడ బస్సెక్కేముందు తన చామంతి కుండీల మీద నల్లదుప్పటి కప్పేవారు. పొద్దున రాగానే, చెప్పులైనా విప్పకుండా, దాన్ని తీసేవారు.

మొక్కలకు గాలాడదేమోనని ఒకసారి చీకటిపడ్డాక నేనే దుప్పటి తీసేశాను. మర్నాడు ఆవిడ కోప్పడలేదు. గేటు ముందున్న కొత్త వీధిలైటు చూపించారు.

“ఆ వెలుగుకి ఇంకా పగలేననుకుంటాయండీ. రాత్రి పొడుగ్గా ఉంటేనే మొగ్గేస్తాయి. వీటికైనా కాస్త రాత్రి ఉండాలిగా” అన్నారు, కళ్లు మూతలు పడుతుంటే.

క్రిస్మస్ ముందు కుండీల నిండా పచ్చటి పూలు. ఇక వాటికి దుప్పటి అక్కర్లేకపోయింది. ఒక పువ్వు కోసుకుంటానని అడగడానికి మధ్యాహ్నం వెళ్లాను. ఆవిడ గది కిటికీకి ఆ నల్లదుప్పటే కట్టి ఉంది.

తలుపు తట్టబోయిన చెయ్యి దించేశాను.